ఆరు ప్రోబ్‌లు, ఒకటే లీకు: దూరగ్రహాల కోసం వరసలో తయారీ, ఒక కేస్ స్టడీ

మా టీం చేతికి వచ్చిన పని చెప్పుకోడానికి సులువుగానే ఉంటుంది. దూరపు గ్రహాలకు పంపడానికి ఒకే డిజైన్‌తో ఆరు చిన్న ప్రోబ్‌లు, అంటే మనుషుల్లేని పరిశోధక నౌకలు, ఒక్కోటి 30 కిలోల లోపు, వరసగా తయారు చెయ్యాలి. ఏదైనా పెద్ద నౌక ఆ వైపు వెళ్తుంటే దాని పక్కన తగిలించుకుని వెళ్లి, గ్రహం దగ్గర పడుతుండగా విడిపోయి, ఎవరి దారిన వాళ్లు కొలతలు తీసుకోవాలి. నేను అసెంబ్లీ, టెస్టింగ్ వైపు ఉన్నాను. క్లీన్ రూమ్‌లో బిగించడం, షేకర్ మీద ఊపడం, థర్మల్ వాక్యూమ్ చాంబర్‌లో పెట్టి వేడికీ చలికీ గురిచెయ్యడం, వచ్చిన డేటా చూసి సంతకం పెట్టడం మా పని. మూడు యూనిట్లకి అలా సంతకం పెట్టేశాక, మూడింటిలోనూ ఒకే లోపం ఉందని తెలిసింది. అది ఎలా తప్పించుకుంది, ఎలా దొరికింది, తర్వాత ఏం మార్చాం అన్నది ఇక్కడ రాస్తున్నాను. చిన్న ఉపగ్రహాలు చవకగా, గుంపుగా చేసి దూరం పంపుదాం అనుకునే ప్రతి టీమూ ఇదే గుంటలో కాలు పెట్టే అవకాశం ఉంది.

ముందు అసలు ఇన్ని ఎందుకు, చవకగా ఎందుకు అన్నది చెప్పాలి. యురేనస్ దగ్గరకి ఇప్పటిదాకా వెళ్లింది ఒకే ఒక్క నౌక, వాయేజర్ 2, 1986 జనవరిలో. నెప్ట్యూన్ దగ్గరకీ అదే వెళ్లింది, 1989 ఆగస్టులో. అంతే, ఆ తర్వాత ఎవరూ వెళ్లలేదు. ఆ రెండు గ్రహాల గురించి దగ్గరగా చూసి మనం తెలుసుకున్నదంతా కొన్ని రోజుల పాటు పక్కనుంచి దాటిపోతూ తీసిన కొలతలే. ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం. ఒక పెద్ద మిషన్ అంటే, గురుడి చందమామ యూరోపా కోసం పంపిన యూరోపా క్లిప్పర్ లాగా, 5 బిలియన్ డాలర్లు దాటుతుంది, అలాంటివి పది చెయ్యడం ఎవరివల్లా కాదు. ఇంకో పక్క 2018లో మార్స్‌కి వెళ్లిన మార్కో అనే చిన్న ఉపగ్రహాల జంటని చూడండి. ఒక్కోటి 13.5 కిలోలు, బ్రీఫ్‌కేస్ అంత సైజు, రెండింటికీ కలిపి ఖర్చు 18.5 మిలియన్ డాలర్లు. ఆ ఏడాది నవంబర్ 26న ఇన్‌సైట్ ల్యాండర్ దిగుతుంటే దాని సిగ్నల్‌ని అందుకుని సెకనుకి 8 కిలోబిట్ల వేగంతో భూమికి పంపాయి. అది చూశాక చిన్నవాటితో కూడా గ్రహాల దాకా పోవచ్చని మాలాంటి వాళ్లకి ధైర్యం వచ్చింది.

వరసలో చేస్తే ఖర్చు ఎందుకు తగ్గుతుందన్నది కొత్త సంగతి కాదు. 1936లో విమానాల తయారీ లెక్కలు చూసి రైట్ అనే ఇంజనీర్ చెప్పాడు, చేసిన సంఖ్య రెట్టింపు అయిన ప్రతిసారీ ఒక్కోదానికి పట్టే శ్రమ ఒక స్థిరమైన శాతం తగ్గుతుందని. విమానాల విషయంలో అది 20 శాతం చుట్టూ తేలింది. మా దగ్గర కూడా ఇంచుమించు అదే జరిగింది. మొదటి యూనిట్ బిగించడానికి 9 వారాలు, రెండోదానికి 7, నాలుగోది అయ్యేసరికి 6 దగ్గరకి వచ్చాం. ఏ స్క్రూ ముందు, ఏ కేబుల్ ఎటు తిప్పాలి, ఏ కనెక్టర్ దగ్గర వేలు పట్టదు అన్నవి చేతులకి అలవాటైపోతాయి. ఇందులో అనుమానం లేదు, వరస తయారీ పనిచేస్తుంది.

దూరం మార్చేసే లెక్క

భూమి చుట్టూ తిరిగే ఉపగ్రహాలు ఇప్పుడు వేల సంఖ్యలో ఫ్యాక్టరీల నుంచి వస్తున్నాయి కదా, అదే పద్ధతి గురుడికీ శనికీ వాడేస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. సరిపోదు. ఎందుకో ఒక్క కరెంటు లెక్కతో చెప్తాను. భూమి దగ్గర ఒక చదరపు మీటరు మీద పడే సూర్యశక్తి 1361 వాట్లు. మంచి సోలార్ ప్యానెల్ అందులో 30 శాతం పట్టుకుంటుంది అనుకుంటే సుమారు 400 వాట్లు చేతికొస్తాయి. గురుడు సూర్యుడికి భూమి కంటే 5.2 రెట్ల దూరంలో ఉన్నాడు, దూరం వర్గంతో వెలుగు తగ్గుతుంది కాబట్టి అదే ప్యానెల్ అక్కడ 15 వాట్లు ఇస్తుంది. శని దగ్గర నాలుగున్నర. జూనో నౌక ఒక్కోటి దాదాపు 9 మీటర్ల పొడవున్న మూడు ప్యానెళ్లు వేసుకుని వెళ్తే గురుడి దగ్గర దానికి దక్కింది 500 వాట్ల చుట్టుపక్కల. అణు బ్యాటరీ పెట్టుకోవచ్చు కదా అంటే, దానికి కావలసిన ప్లుటోనియం 238 ఏడాదికి కిలోల్లెక్కన తప్ప తయారవ్వదు, వందల ప్రోబ్‌లకి అది దొరికే వస్తువు కాదు.

మరి ఈ లెక్కకీ మా లీకుకీ సంబంధం ఏంటంటే, హీటర్లు. మా ప్రోబ్‌లో దిశ మార్చుకోడానికి నైట్రోజన్ కోల్డ్ గ్యాస్ వాడాం, అంటే మండించకుండా గ్యాస్‌ని బయటికి వదిలి తోసుకోవడం. ఎనిమిది చిన్న థ్రస్టర్లు, ఎనిమిది వాల్వ్‌లు. భూమి కక్ష్యలో అయితే ఒక్కో వాల్వ్‌కి ఒకటిన్నర వాట్ల హీటర్ అతికించేసి దాని సంగతి మర్చిపోతారు. ఎనిమిదింటికి కలిపి 12 వాట్లు, అక్కడ అది ఒక లెక్కలోది కాదు. గురుడి దగ్గర మాత్రం ఒక చదరపు మీటరు ప్యానెల్ ఇచ్చేదంతా దాదాపు ఆ హీటర్లకే పోతుంది. అందుకే వాల్వ్‌లు చలిలోనే పనిచెయ్యాలి, మైనస్ 35 డిగ్రీల దగ్గర కూడా హీటర్ లేకుండా గట్టిగా మూసుకోవాలి అని మొదటి రోజే నిర్ణయించుకున్నాం. నిర్ణయం సరైనదే, ఇప్పటికీ అదే అంటాను. కానీ ఆ నిర్ణయంతో పాటు మారాల్సిన రెండు విషయాలు మేము మార్చలేదు.

ఎలా తప్పించుకుంది

ట్యాంకులో గ్యాస్ నింపి, చాంబర్‌లో పెట్టి, మైనస్ 35కి దించి, 18 గంటలు అక్కడే ఉంచి ప్రెషర్ చూస్తాం. 20 డిగ్రీల నుంచి మైనస్ 35కి వెళ్తే గ్యాస్ చల్లబడినందుకే ప్రెషర్ 19 శాతం పడిపోతుంది. ఇది లీకు కాదు, మామూలు గ్యాస్ ధర్మం, ఉష్ణోగ్రతని బట్టి సరిచేసి చూసుకోవాలి. మొదటి యూనిట్‌లో అలా సరిచేశాక 18 గంటల్లో 0.4 శాతం తగ్గుదల కనిపించింది. మా టెస్ట్ ప్రొసీజర్‌లో లిమిట్ 1 శాతం. పాస్. ట్యాంకు లోపల గ్యాస్ ఇంకా పూర్తిగా చల్లబడి ఉండకపోవచ్చు, లేకపోతే సెన్సార్ కాస్త జరిగి ఉండొచ్చు అని నోట్ రాసుకున్నాం. రెండో యూనిట్‌లో 0.4 కంటే కొంచెం తక్కువ. పాస్. మూడోది కూడా పాస్.

పట్టుకున్నది మా టీంలో అందరికంటే చిన్నమ్మాయి, చేరి అప్పటికి ఏడు నెలలు. ప్రతి యూనిట్ రిపోర్ట్ విడివిడిగా చదవడం విసుగనిపించి, మూడు యూనిట్ల గ్రాఫులూ ఒకదాని మీద ఒకటి వేసింది. మూడు గీతలూ ఒకే వాలులో కిందకి దిగుతున్నాయి. "సెన్సార్లు జరిగితే ఒకటి పైకీ ఒకటి కిందకీ జరగాలి కదా సార్, మూడూ ఒకే వైపు ఎందుకు పోతాయి?" అంది. ఆ ప్రశ్నకి మా దగ్గర జవాబు లేదు. గ్యాస్ చల్లబడటం వల్ల అయితే మొదట్లో వేగంగా తగ్గి తర్వాత గీత అడ్డంగా అయిపోవాలి. ఇవి అలా అవ్వలేదు, చివరి గంట వరకూ ఒకే వేగంతో దిగుతూనే ఉన్నాయి.

అప్పుడు కూర్చుని ఆ 0.4 శాతానికి అసలు అర్థం ఏంటో లెక్క వేశాం. ఉన్నదాంట్లో అదే శాతం చొప్పున పోతూ ఉంటే నాలుగు నెలల మీద కొద్ది రోజుల్లో ట్యాంకు సగం ఖాళీ. మా ప్రయాణం ఏళ్ల తరబడి. 1 శాతం అన్న లిమిట్ ఎక్కడిదని వెతికితే, అంతకుముందు భూమి కక్ష్య కోసం చేసిన ఉపగ్రహం ప్రొసీజర్ నుంచి అలాగే తెచ్చుకున్నది. అక్కడ వాల్వ్‌లు వెచ్చగా ఉంటాయి, మిషన్ చిన్నది, ఆ లిమిట్ సరిపోయింది. ఇక్కడికి వచ్చాక దాన్ని ఎవరూ మళ్లీ లెక్కించలేదు, ఆ కాగితం మీద నా సంతకం కూడా ఉంది. మార్చకుండా వదిలేసిన మొదటి విషయం ఇది.

వాల్వ్ విప్పి చూస్తే

మూడో యూనిట్ థ్రస్టర్ మాడ్యూల్ విప్పి, హీలియం నింపి, లీక్ డిటెక్టర్‌తో ఒక్కో వాల్వ్‌నీ చలిలో విడిగా చూశాం. గది ఉష్ణోగ్రతలో ఎనిమిదీ బాగున్నాయి. మైనస్ 20 దాటాక నాలుగు కారడం మొదలుపెట్టాయి. వాల్వ్ లోపల ఒక చిన్న పాలిమర్ సీటు ఉంటుంది, స్ప్రింగ్ దాని మీదకి నొక్కి గ్యాస్‌ని ఆపుతుంది. చలికి ఈ ప్లాస్టిక్ పదార్థాలు చుట్టూ ఉన్న లోహం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ ముడుచుకుంటాయి. సీటు పలచబడే కొద్దీ స్ప్రింగ్ నొక్కే బలం తగ్గుతుంది. సీటు మందం కొలిస్తే అన్నీ డ్రాయింగ్‌లో మేము ఇచ్చిన హద్దుల్లోనే ఉన్నాయి, అయితే అన్నీ కింది హద్దుని ఆనుకుని ఉన్నాయి. సప్లయర్ తప్పేమీ లేదు, మేము అడిగిందే ఇచ్చారు. హద్దులు గది ఉష్ణోగ్రతకి రాసింది మేమే. ఇది రెండో విషయం.

అన్నీ కింది హద్దుకే ఎందుకు ఉన్నాయంటే, మొత్తం 60 వాల్వ్‌లూ ఒకే లాట్. ఆరు యూనిట్లకి 48, స్పేర్ 12. ఒకేసారి ఆర్డర్ ఇస్తే ధర తగ్గుతుందని ఒకేసారి తీసుకున్నాం. ఒకే మెషీన్ మీద, ఒకే సెట్టింగ్‌తో, ఒకే వరసలో కోసిన సీట్లు అవి. అంటే మేము చవక అనుకున్న కొనుగోలు వల్లే ఆరు ప్రోబ్‌లూ ఒకే లోపంతో పుట్టాయి. ఈ కేసులో నాకు అన్నిటికంటే ముఖ్యమైన పాయింట్ ఇదే కాబట్టి ఇంకాస్త ఆగి చెప్తాను.

గుంపుగా పంపడం వెనక ఉన్న ఆలోచన, ఒకటి పోయినా ఇంకోటి ఉంటుందని. ఒక్కో ప్రోబ్ బతికే అవకాశం 70 శాతమే అనుకోండి. ఒకదాని చావుకీ ఇంకోదాని చావుకీ సంబంధం లేకపోతే, నాలుగు పంపితే కనీసం ఒకటి బతికే అవకాశం 99 శాతం దాటుతుంది. ఈ అంకె చూపించి ఎన్నో ప్రాజెక్టులకి డబ్బు అడుగుతారు, మేమూ అడిగాం. కానీ అన్నిటినీ ఒకేసారి చంపే లోపం డిజైన్‌లోనో లాట్‌లోనో దాగి ఉండే అవకాశం 15 శాతం ఉంటే, నాలుగు పంపినా నలభై పంపినా మొత్తం అవకాశం 85 దాటదు. మా ఆరూ లాంచ్ అయిపోయి ఉంటే, ఆరూ ఇంచుమించు ఒకే నెలలో గ్యాస్ అయిపోయి దొర్లిపోయేవి.

పాత చరిత్ర చూస్తే దీనికి మంచి ఉదాహరణ ఉంది. గ్రహాల ప్రయాణాల తొలిరోజుల్లో నౌకల్ని జంటలుగానే పంపేవాళ్లు. 1962లో మెరైనర్ 1 పోయింది, మెరైనర్ 2 శుక్రుడి దాకా వెళ్లింది. 1964 నవంబర్ 5న మార్స్‌కి బయలుదేరిన మెరైనర్ 3, రాకెట్ ముందు భాగంలోని ఫైబర్‌గ్లాస్ కవచం ఊడకపోవడంతో అందులోనే ఇరుక్కుని చనిపోయింది. మెరైనర్ 4కి కూడా అదే రకం కవచం సిద్ధంగా ఉంది. కారణం కనుక్కుని, లోహపు కవచం కొత్తగా తయారుచేసి, నవంబర్ 28న లాంచ్ చేశారు. 1965 జూలైలో మార్స్ దగ్గరి ఫోటోలు మొదటిసారి పంపింది అదే. రెండోది ఉండటం ఒక్కటే సరిపోలేదు, రెండింటి మధ్య 23 రోజుల గ్యాప్ ఉంది, ఆ గ్యాప్‌లో నేర్చుకున్నది రెండోదానికి ఎక్కించారు. ఒకే రోజు ఒకే రాకెట్ మీద రెండూ వెళ్లి ఉంటే రెండూ పోయేవి.

వాల్వ్ సంగతికి వస్తే, చిన్న నౌకల కథల్లో దాని పేరు మళ్లీ మళ్లీ వస్తుంది. మార్కో జంటలో ఒకటి దారిపొడవునా గ్యాస్ కారుతూనే వెళ్లింది, టీం దాన్ని కాచుకుంటూ మార్స్ దాకా తీసుకెళ్లారు. 2022లో చంద్రుడి వైపు వెళ్తున్న క్యాప్‌స్టోన్ థ్రస్టర్ వాల్వ్ ఒకటి సగం తెరుచుకుని ఉండిపోవడంతో నౌక గిరగిరా తిరిగిపోయింది, వారాలు కష్టపడి దారిలోకి తెచ్చారు. అదే ఏడాది ఆర్టెమిస్ 1 చంద్ర మిషన్‌తో వెళ్లిన పది చిన్న ఉపగ్రహాల్లో లూనా హెచ్ మ్యాప్ థ్రస్టర్ వెలగనే లేదు, అక్కడా అనుమానం వాల్వ్ మీదే. కంప్యూటర్లూ కెమెరాలూ చిన్నవైనంత సులువుగా కదిలే భాగాలు చిన్నవి కావు. ఎలక్ట్రానిక్స్ మాత్రం లాట్ సమస్యకి అతీతం అనుకోకండి. యూరోపా క్లిప్పర్ లాంటి పెద్ద మిషన్‌లోనే, లాంచ్‌కి కొన్ని నెలల ముందు 2024 మే నెలలో, అందులో వాడిన ఒక రకం ట్రాన్సిస్టర్లు అనుకున్నంత రేడియేషన్ తట్టుకోకపోవచ్చని తెలిసి వేసవంతా టెస్టులు చేశారు.

ఏం మార్చాం

నాలుగు, ఐదు, ఆరు యూనిట్లు అప్పటికి రకరకాల దశల్లో ఉన్నాయి. అన్నీ ఆపేశాం. ఆ వారం టెన్షన్ మామూలుగా లేదు, ఎందుకంటే విప్పిన యూనిట్‌ని మళ్లీ వైబ్రేషన్ చెయ్యాలి, అలా ఊపిన ప్రతిసారీ దాని ఆయుష్షు కొంత ఖర్చవుతుంది. మొదటి యూనిట్‌ని అప్పటికే డిజైన్ నిరూపణ కోసం గట్టి స్థాయిలో ఊపేశాం, దాన్ని మళ్లీ విప్పి మళ్లీ ఊపి పంపడం నాకు మనస్కరించలేదు. దాన్ని నేల మీద ఉంచి, పైన ఉన్నవాటికి జరిగేది ఇక్కడ అనుకరించి చూసే కవలగా వాడుకోవాలని, బదులుగా ఏడో యూనిట్ చెయ్యాలని వాదించాను. ఒప్పుకున్నారు. మొత్తం ఆలస్యం 11 వారాలు.

సీటు మందానికి కింది హద్దు పెంచాం, చలిలో ఎంత ముడుచుకుంటుందో కలుపుకుని. వాల్వ్‌లని మూడు లాట్లుగా, వేర్వేరు సమయాల్లో కోసినవి తెప్పించాం. ఏ ప్రోబ్‌లోనూ ఎనిమిదీ ఒకే లాట్ నుంచి ఉండవు, అలా అని ఇష్టం వచ్చినట్టు కలపలేదు, ఎదురెదురుగా ఉండే జత ఒకే లాట్‌ది, ఆ లాట్ పోయినా ఇంకో లాట్‌తో ప్రోబ్ తిరగగలిగేలా అమర్చాం. ఖర్చు పెరిగింది, నిజమే. వాల్వ్‌లు, రియాక్షన్ వీల్స్ (తిరుగుతూ ప్రోబ్ దిశ మార్చే చక్రాలు), బ్యాటరీలు అనే మూడింటికే ఈ పద్ధతి పెట్టాం. ఫ్రేమ్, కేబుళ్లు, ప్యానెల్ మడత భాగాలు ఒకే లాట్‌లో ఒకేసారి కొన్నాం. ప్రతి స్క్రూకీ రెండు సప్లయర్లని పెడితే ఇక వరస తయారీ అన్న మాటకి అర్థం ఉండదు.

టెస్ట్ లిమిట్ విషయం ఇంకా కష్టంగా తేలింది. పదేళ్లలో గ్యాస్ 20 శాతం కంటే ఎక్కువ పోకూడదు అనుకుంటే రోజుకి 0.006 శాతం. మా ప్రెషర్ సెన్సార్ అంత చిన్న మార్పుని మూడు రోజులు చూసినా పసిగట్టలేదు. కాబట్టి ట్యాంకు ప్రెషర్‌తో పాస్, ఫెయిల్ చెప్పడం మానేశాం. ప్రతి వాల్వ్‌నీ బిగించే ముందే కోల్డ్ ప్లేట్ మీద మైనస్ 35లో హీలియం డిటెక్టర్‌తో కొలుస్తున్నాం. చాంబర్‌లో పెట్టే సమయం 18 గంటల నుంచి 72కి పెంచాం, ఆ గ్రాఫుని లిమిట్‌తో కాకుండా మిగతా యూనిట్ల గ్రాఫులతో పోల్చుతున్నాం. ఇది వరస తయారీ ఇచ్చిన గొప్ప వరం అని నా అభిప్రాయం. ఒకే నౌక చేసే టీంకి పోల్చుకోడానికి ఇంకోటి ఉండదు. మాకు ఏడు ఉన్నాయి. ఇప్పుడు ప్రతి టెస్ట్‌కీ పాత యూనిట్ల గీతల మీద కొత్త గీత వేసి చూపించే పేజీ ఉంది, రిపోర్ట్‌లో అదే మొదటి పేజీ.

ఇంకో మార్పు, ఒక యూనిట్‌ని మిగతావాటికంటే ఎనిమిది వారాలు ముందు నడిపించడం. అది అన్ని టెస్టులూ దాటాకే మిగతావాటి ట్యాంకులు మూస్తాం. సాఫ్ట్‌వేర్‌కీ ఇదే రూల్ పెట్టాం. లాట్లు మార్చినా సాఫ్ట్‌వేర్ అన్నిటిలో ఒకటే కదా. 1999లో మార్స్ క్లైమేట్ ఆర్బిటర్, ఒక పక్క పౌండ్లలో ఇంకో పక్క న్యూటన్లలో లెక్క వెయ్యడం వల్ల పోయింది, అలాంటి తప్పు అంకెల్లో ఉంటే ఎన్ని కవలలు ఉన్నా కాపాడలేవు. అందుకని ప్రయాణంలో కొత్త సాఫ్ట్‌వేర్ ముందు నేల మీది యూనిట్‌కి, తర్వాత ఒక్క ప్రోబ్‌కి, ఒక వారం గమనించాక మిగతావాటికి.

భూమి మీద యాంటెనా సమయం గురించి ఒక్క మాట. మార్కో సిగ్నల్ వినడానికే 70 మీటర్ల డిష్ కావలసి వచ్చింది, దూరపు నౌకల్ని వినే నాసా డీప్ స్పేస్ నెట్‌వర్క్‌లో అలాంటి డిష్ ఉన్న స్టేషన్లు గోల్డ్‌స్టోన్, మాడ్రిడ్, క్యాన్‌బెరాల్లో మాత్రమే ఉన్నాయి, వాటి కోసం పెద్ద మిషన్లన్నీ క్యూలో ఉంటాయి. ఆరు ప్రోబ్‌లు ఆరుసార్లు సమయం అడిగితే ఎవరూ ఇవ్వరు. ప్లూటో దాకా వెళ్లిన న్యూ హొరైజన్స్ నౌక నిద్రలో ఉన్నప్పుడు చేసినట్టు, బాగున్నానో లేదో చెప్పే చిన్న బీకన్ సిగ్నల్ మాత్రం పంపించి, తేడా వస్తేనే పూర్తి డేటా అడిగేలా పెట్టాం. గ్యాస్ తగ్గే వేగం మిగతా ప్రోబ్‌ల సగటు కంటే పక్కకి జరిగితే ఆ బీకన్ మారుతుంది. చాంబర్‌లో మూడు గీతలు పోల్చి పట్టుకున్న పనే ఇది, ఇక్కడ ఆకాశంలో చేస్తున్నాం.

ఆరో యూనిట్ 5 వారాల్లో పూర్తయింది. ఏడోది గత వారం చాంబర్ నుంచి బయటికి వచ్చింది. 72 గంటల గీత మిగతావాటి మీద సరిగ్గా కూర్చుంది. దాని ఎనిమిది వాల్వ్‌ల హీలియం రీడింగులు మళ్లీ తిరగేస్తే, ఆరో నంబర్ వాల్వ్ లిమిట్ లోపే ఉంది గానీ దాని లాట్‌లోని మిగతా అన్నిటికంటే రెండింతలు ఎక్కువ చూపించింది. రిపోర్ట్ పాస్ అని తయారై నా టేబుల్ మీద ఉంది. సంతకం పెట్టలేదు, సోమవారం ఆ వాల్వ్‌ని విప్పుతున్నాం.